తేరుకోని నీళ్ళు

డెడ్‌హార్స్‌లో తెల్లవారుజాము నాలుగు.
తెల్లవారదు, ఇంకో పంతొమ్మిది రోజులు.
వేడినీళ్ళ తొట్టిలో వరసగా పన్నెండు సీసాలు,
ఒక్కోదాని మెడకి ఒక్కో టేపుముక్క:
మందు పేరు, మోతాదు, నా చేతిరాత.
ఒక్కో సీసానీ వందసార్లు కుదిపాను.
ఇక చూస్తూ కూర్చోవడమే పని.

మునుపు
ఐదు నిమిషాలకే గీత పడేది.
పైన నల్లగా నూనె, కింద నీళ్ళు,
ఆ నీళ్ళలోంచి
వెనక గోడమీది క్యాలెండర్ అంకెలు చదివేదాన్ని.
ఇవాళ గంటంపావు అయింది.
గీత ఉండాల్సిన చోట
గోధుమరంగు మడ్డి, నురగలు నురగలుగా.
దాని కింద
బెండకాయలు నానిన గిన్నెలో మిగిలే లాంటి నీళ్ళు.
పిపెట్ పైకెత్తితే
చుక్క తెగి పడదు,
తీగ సాగి, వెనక్కి చూసుకుంటూ దిగుతుంది.

ఇదెవరో నాకు తెలుసు.
రెండేళ్ళ నాలుగు నెలల క్రితం
తెల్లటి పొడిగా సంచుల్లో వచ్చింది.
నీళ్ళకి చిక్కదనం నేర్పి
రాతి సందుల్లోకి పంపించాం,
పల్చటి నీళ్ళైతే నూనెని తప్పించుకుని
పక్కదారిన పారిపోతాయని,
ఇదైతే చీపురులా ఊడ్చుకొస్తుందని.
ఊడ్చుకొచ్చింది, అబద్ధం ఆడకూడదు.
సిఫారసు కాగితం చివర సంతకం నాదే.
అందులో, తిరిగొచ్చే నీళ్ళ గురించి రెండు వాక్యాలు.
రెండోది
'తరవాత చూసుకుందాం' అనడానికి
కాస్త మర్యాదైన పద్ధతి.

తరవాత అంటే ఇదే.

దారిలో చాలా తెగింది పాపం,
పంపుల్లో నలిగి, ఇసుకలో ఒరుసుకుని, పొట్టిదై,
లీటరుకి నాలుగొందల మిల్లీగ్రాములు మిగిలింది.
ఆ మిగిలింది చాలు.
నూనె బొట్టు పైకి పోదామంటే
నీళ్ళు దాని కాలు వదలవు.
రెండు బొట్లు కలుద్దామంటే
బస్సులో ఇద్దరి మధ్య పెట్టిన మూటలా
అది అడ్డం.

ఐదింటికి వెండెల్ వచ్చాడు, కనుబొమ్మల మీద మంచుతో.
గుడ్డలో చుట్టిన ముక్క బల్లమీద పెట్టాడు.
హీటర్ లోపలి గొట్టం మీంచి గీకింది:
అన్నం గిన్నె అడుగు మాడులా
పొరలు పొరలుగా నల్లగా,
ఒక అంచున మాత్రం తేనెరంగు.
వేడి పెంచితే విడిపోతాయనుకున్నాం.
ఆ వేడికే ఇది ముద్దకట్టి గొట్టానికి అతుక్కుంది.
లోపలి మంటకి దారి లేక
ఇనుము ఎర్రబడి కుంగింది.
"మీ జిగురు," అన్నాడు.
'మీ' అన్న మాటని ఒత్తలేదు.
ఒత్తాల్సిన పనీ లేదు.

మందు రెట్టింపు చేస్తే ఇంకా బిగుసుకుంటోందని చెప్పాను,
ఏడో సీసా చూడమన్నాను.
చూశాడు. చూసి, ఎవరూ అడక్కుండానే
వాళ్ళ మేనత్త బకెట్లో సీల్ కొవ్వు కరిగించే సంగతి ఎత్తుకున్నాడు.
చల్లటి మూలన పెట్టడం,
రోజుకోసారి కలపడం, అంతే.
మధ్యలో మూత తీసి తొంగిచూస్తే మొట్టికాయ.
"ఎన్ని రోజులు?"
"అయ్యేదాకా."
"మన ట్యాంకులో నీళ్ళు నిలిచేది నాలుగు గంటలు."
"మా అత్తకి పైప్‌లైన్ లేదుగా," అని నవ్వి
చేతితొడుగులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.
ముక్క ఇక్కడే వదిలేశాడు.

మా ఇంట్లో నీళ్ళు తేరుకునేవి.
జ్వరం పడ్డ మనిషీ తేరుకునేవాడు.
ఇక్కడ ఫారంలో
ఆ గడి పేరు నీటి నాణ్యత,
ఒకటి నుంచి ఐదు దాకా ఏదో అంకె వెయ్యాలి.

ఆరున్నరకి, తొమ్మిదో సీసా అడుగున
వేలిగోరంత మేర
తేట.
ఊపిరి బిగబట్టి దానిలోంచి క్యాలెండర్ చూశాను.
అంకె ఉంది. మూడో, ఎనిమిదో.
గడిలో రెండు వేశాను.
కొట్టేసి, ఒకటిన్నర.

పాత సిఫారసు ఫైలు తెరిచి
ఆ రెండో వాక్యం మొదట్లో కర్సర్ పెట్టాను.
అది మిణుకుమిణుకుమంటోంది.
సీసాల్ని తొట్టిలోంచి తియ్యలేదు,
మూతలు ముట్టుకోలేదు.