అభ్యంతర పత్రం

నల్గొండ కోర్టు గోడవార నా టేబులు.
మూడు కాళ్లే తిన్నగుంటయి,
నాలుగోదాని కింద పాత గెజిటు మడత.
పొద్దున్నే వచ్చి కూసుంది
గట్టుప్పల నుంచి జెల్ల ఆండాళు,
ఒళ్లో లాప్‌టాప్, మీద తువ్వాల కప్పి.

"రాయి బిడ్డా.
సాఫ్ట్‌వేర్ బేరాలకు సర్కారు చట్టం చేస్తదట గదా,
ముప్పై రోజుల్ల అభ్యంతరం చెప్పుకోవాల్నట.
ఇయ్యాల ఇరవై తొమ్మిది."

అలవాటు కొద్దీ మొదలుపెట్టిన:
తమరి దివ్యసముఖమునకు విన్నవించుకొనునది...
"అది గాదు.
నా బొమ్మలు పోయినయని రాయి."

ఆసు మీద దారం పోసి పోసి
కుడి భుజం లేవకుంటయినంక
చిటికి బొమ్మలు గీసుడు పట్టుకుంది ఆమె,
గ్రాఫు కాయితం మీద, గడి గడికీ.
కండ్లు మసకలైనంక
చౌటుప్పల్ దుకాణపాయన
ఇరవై రెండు వేలకు డిజైను సాఫ్ట్‌వేర్ ఎక్కించిండు.
రసీదు నేను చూసిన.
నీలం సిరాతో 'అమ్మబడినది' అనే ఉంది.

మూడు వందల పదకొండు బొమ్మలు.
ఏనుగు, గడియారం, ముక్కు వంగిన విమానం.
శ్రావణం ఆర్డరు సగంలుండంగ
ఎక్కడి కంపెనీయో రాత్రికి రాత్రి తాళమేసింది.
కుక్క కూడా మొరగలేదు.
తెల్లారి తెర మీద ఒక్కటే ముక్క:
మీ అనుమతి ముగిసినది.

ఆ ఒప్పందం నలభై ఒక్క పేజీలు.
వేలుతో కిందికి జరుపుతుంటే
నీళ్లు పడని బోరు లెక్క దిగుతనే ఉంది.
పద్నాలుగో పేజీల దొరికింది:
మీరు కొన్నది వస్తువు కాదు, వాడుకొనుటకు సెలవు.
రేపటి ముసాయిదాల ఆరో సెక్షను
ఆ మాటకే రాజముద్ర గుద్దుతది.

"నేనొప్పుకోలే," అన్నది ఆండాళు.
"ఒప్పుకున్నట్టు నొక్కింది దుకాణం పోరడు.
అప్పుడు వాడు సమోసా తింటున్నడు."

'సమ్మతి తెలిపిన వ్యక్తి అర్జీదారు కాదు' అని కొట్టిన.
సమోసా తీసేసిన.
కొంచెంసేపాగి మళ్లా పెట్టిన.

"మా మామ చండూరోళ్ల దగ్గర మగ్గం కొన్నడు.
అమ్మినాయన నడిరాత్రి వచ్చి
చీర సగం నేసి ఉండంగ
పన్నె ఊడబీక్కపోతే ఊరు ఊకుంటుండెనా?
దానికి దొంగతనమని పేరుండె.
ఇప్పుడు సెక్షనంటరా?
ఇది కూడ రాయి."

రాసిన.
అప్పుడే నా తెర మూల పచ్చ పట్టీ ఒకటి లేచింది:
ఈ టైపు ప్రోగ్రాము సెలవు ఇంక మూడు రోజులు.
రోజూ చదవకుండనే మూసేసేదే.
ఇయ్యాల వేలు ఆగింది.
గబగబ ప్రింటు తీసిన, మూడు ప్రతులు.

రెండిటి మీద సంతకం పెట్టింది.
మూడోదాన్ని తిరగేసి
నా పెన్సిలడిగి గడులు గీసింది.
"ఇది నూటపదహారోది," అన్నది,
"ఇంతకంటే వంక రావాలె ముక్కుకు."
ఎర్ర గడులకు అడ్డగీత,
నల్లవాటికి నిండుగ,
తెల్లవి ఉత్తగ వదిలి.

విమానం రెక్క కాడ చెయ్యి ఆగింది.
లాప్‌టాప్ దిక్కు చూసింది.
తువ్వాల తియ్యలేదు.
"ఈ ఒక్క గడి," అన్నది,
"ఎరుపో, నలుపో..."

జామీను కేసోళ్లు అరుస్తున్నరు లోపల.
నా చేతుల పైసలు పెట్టి
ఆమె ఆ గడినే చూస్కుంట కూసుంది.