ఇంకో పిసరు

కొండమల్లేపల్లి చౌరస్తాల
ఎరువుల దుకాణం పక్కపొంటి మెట్లెక్కితే మా స్టూడియో.
ఫోటో దింపేది బిక్షపతన్న.
మొఖాలు కడిగేది నేను,
నీళ్ళతోని కాదు, మౌసుతోని.

పాస్‌పోర్టు సైజు ఆరింటికి ఎనభై రూపాయలు.
తెల్లగ చేసుడు ఉత్తగనే.
అడిగేదాంక ఆగొద్దు, గిరాకి సిన్నవోతది
అని అన్న నేర్పిన మొదటి పాఠం.
మొగోళ్ళకు రెండు గీట్లు, ఆడివిల్లకు నాలుగు,
సంబంధాలకు పంపే ఫోటో అయితే ఆరు.
కలుపు తీసిన ఎండ బుగ్గల మీద పెట్టిన మచ్చ,
ముక్కుపుల్ల కింది నీడ,
బోరునీళ్ళు పండ్ల మీద గీసిన పసుపు చారలు
అన్ని పోతయి.
ఎవరో ఒక మనిషి మిగుల్తది.

బడి రిజిస్టర్ల నా పేరు ఎస్తేరు.
ఇంట్ల కర్రి.
కోపంల కాదు, అన్నం తిందువు రాయే కర్రీ అని
ప్రేమతోనే పిలిచేది మా అమ్మ.
అందుకే కొట్లాడరాలేదు.

చెల్లె రూతు ఎర్రగ పుట్టింది.
వాడంత దాన్ని సంకలకెళ్ళి దించలే.
దొరసాని బిడ్డ లెక్కుందే అన్నరు.
ఏ దొరసాని వాకిట్ల
మా అమ్మ చెప్పులు చేతవట్టుకొని నిలవడ్డదో
ఆ దొరసాని.
ముద్దు చెయ్యనీకి మా కాడ
అంతకన్న పెద్ద మాట లేకుండె.

ఊరు ఒక గీత గీసి మమ్ముల అవుతల ఉంచింది.
అవుతలికి వచ్చినంక
మేము మళ్ళొకటి గీసుకున్నం, సన్నగ, శెనగపిండితోని.
నలుపు నారాయణ మెచ్చు, అన్నది తెలుగు టీచరు నా తల నిమిరి.
నారాయణుడు మా వాడకు ఎన్నడొచ్చిండు మేడం
అని అడుగుదామనుకొని
నోట్సు రాసుకున్న.

మొన్న మంగళారం
ఒకాయన వచ్చిండు, మాసిన గడ్డం, ఎనక భార్య.
చేతుల ఉపాధి పని జాబ్‌కార్డు.
అమ్మది. ఇదొక్కటే ఫోటో.
ఎల్లుండి దినాలు, పెద్దగ చెయ్యాలె.

గోరంత ఫోటోను తలుపంత చేసిన.
ఎండకు ఒక కన్ను చికిలించి చూస్తున్నది ముసలామె.
బొగ్గు కాదు, నానిన రేగడి.
అలవాటుల గీటు జరిపిన.
ఇంకో పిసరు, అన్నడు నా వెనక నిలవడి.
జరిపిన.
అత్త మొఖంల జర కళ రావాలె, అన్నది కోడలు.
జరిపిన.
ఇంకో పిసరు.

అప్పుడు ఆయన తెర దగ్గరికి వంగిండు.
పచ్చబొట్టు ఏది?
నొసటి మీద మూడు చుక్కలుండాలె,
గదువ మీద ఒకటి.
చిన్నప్పుడు ఒళ్ళె కూసోని ఏలువెట్టి లెక్కవెట్టేటోన్ని,
నాకు ఎంచుడు వచ్చిందే ఆడికెళ్ళి.

ఆ చుక్కలు ఆ నలుపుల ఉంటయి.
వేరే తెచ్చి అతికిస్తే ఆగవు.
ఒక్కొక్క గీటు ఎనక్కి తీసిన.
గదువ మీది చుక్క వచ్చింది,
తర్వాత నొసటివి, తర్వాత చికిలించిన కన్ను.
ఆమె వచ్చింది.
సాలు అనలే ఆయన. చూసుకుంట నిలవడ్డడు.
మా అమ్మ గింత నల్లగుండెనా?
కోడలు జవాబియ్యలే. నేను గూడ.

రెండు కొట్టు బిడ్డా, అన్నడు ఆఖరికి.
ఇది ఇంట్లకు.
తెల్లది బజార్ల ఫ్లెక్సీకి.
చుట్టాలొస్తరు గద.

పొద్దుమూకినంక ఒక పిల్ల వచ్చింది
కాలేజీ అడ్మిషన్‌కు ఫోటో దిగనీకి.
పదహారేండ్లుంటయి. మొఖానికి పౌడరు,
మెడ కాడ పౌడరు ఆగిపోయిన జాగ.
ఫోటో తెర మీద పడ్డది.
నేను ఏం జరపలే.
అది ఫోటో దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
అక్కా, మరిచిపోయినవ్, అన్నది మెల్లగ.

మౌసు మీద నా చెయ్యి ఉన్నది.
తెర వెలుగుల ఆ చెయ్యి
ఎంత నల్లగ ఉన్నదో
అంత నల్లగనే ఉన్నది.