కొరుకుల లెక్క

బర్న్స్ ఊరు దాటి నలభై మైళ్ళు.
కంచె, కంచెకవతల ఇంకో కంచె,
ఆ పైన ఆరిగన్‌లో మిగిలినదంతా ఆకాశమే.
ముందు ఓ ఎర్రావు. చెవికి పసుపు బిళ్ళ: 417.
అది కొరికినప్పుడల్లా నేను క్లిక్కర్ నొక్కాలి.
ఇదీ నా కొలువు.

ఏప్రిల్లో దానికి చీట్‌గ్రాస్ చాలు.
దొంగగడ్డి అని పేరు పెట్టుకున్నాను నేను.
మంచు కరిగిన తడికి మొలిచిన లేత నూగు,
నాలికతో చుట్టి తల విదిలిస్తే
పుర్రుమని తెగేది.
నా వేలు వెనకబడేది.

మే చివర అదే గడ్డి ఎర్రబడి వెన్నులేసింది.
వెన్నుకన్నీ ముళ్ళు. మూతిలో గుచ్చుకుంటాయి.
నిన్నటి దాకా విందుభోజనం,
ఇవాళ అప్పు అడిగిన చుట్టం.
417 దుబ్బుగడ్డి దగ్గరికి నడిచింది.
నిరుటి ఎండుపోచల్లో మూతి దూర్చి
పచ్చవాటినే ఏరింది,
చింతపండులో పిక్కలు తీసే ఓపికతో.

ఆగస్టుకి కొండ కాలిన అట్టులా ఉంది.
మంద వాగు దిగి విల్లో ఆకు దూసింది.
గుర్రం మీద నెల్డా ఇడోయాగా,
డెబ్బై రెండేళ్ళ మనిషి, గట్టు మీంచి అరిచింది:
"తోలండి పైకి! వాగుని నమిలేస్తాయి!"
తోలాం. రాత్రికి మళ్ళీ దిగాయి.

సెప్టెంబర్లో బిటర్‌బ్రష్.
పేరులోనే చేదు. నేనూ ఓ ఆకు నమిలి ఉమ్మేశాను.
417 నమిలింది. దాని దూడ
తల్లి మూతి వాసన చూసి
పక్క కొమ్మ అందుకుంది.
"ఎలా తెలుస్తుంది వీటికి?" అన్నాను.
"ఇప్పుడు చూశావుగా," అంది నెల్డా,
జీను పట్టీ బిగించుకుంటూ.

దూడల లెక్క నా కాగితంలో లేదు.

అక్టోబర్ పద్నాలుగున లారీలొచ్చాయి.
పాలు మాన్పే రోజు. దూడలన్నీ ఎక్కాయి.
417 కంచె పక్కన నిలబడి అరిచింది,
గొంతు పోయాక కూడా నోరు తెరిచి.
పక్కనే మోకాలెత్తు మేత.
మొదటి రోజు: సున్నా.
రెండో రోజు: సున్నా.
ప్రొఫెసర్ ఫోన్ చేశాడు,
క్లిక్కర్ పాడయిందేమో చూడమని.
చూశాను. గాలిలో నొక్కాను. బాగానే ఉంది.
ఆ ఒక్కటీ తర్వాత కొట్టేయాల్సి వచ్చింది.

నాలుగో పొద్దున మంచు.
పొట్టిగడ్డి అంతా మునిగిపోయి
పొడుగు రై దుబ్బులొక్కటే పైకి తేలాయి,
పసుపుగా, గడ్డకట్టి, ఏ రుచీ లేకుండా.
417 అటు నడిచింది.
చాలాసేపు ఊరికే నిలబడింది.

ఒకటి.

నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఊదుకున్నాను.

రెండు.