ఒకే గోళ్ళకత్తెర

పదకొండు నెలలు.
రెండు సంచులు, నాలుగేసి జతల బట్టలు,
ఇద్దరికీ కలిపి ఒకటే గోళ్ళకత్తెర.
బయల్దేరే ముందు వంటింటి త్రాసులో
నువ్వే తూచావు దాన్ని: ఇరవై ఆరు గ్రాములు.

ఏం చూశారని అడుగుతారు అందరూ.
గుమ్మటాలు, జలపాతాలు, మంచుకొండలు,
అవన్నీ ఫోన్లో ఉన్నాయి, అడిగితే చూపిస్తాం.
నాకు మిగిలినవి వేరే.
కుతాయిసిలో నతేలా గారి మేడమెట్ల మీద
దారానికి గుచ్చిన వాల్‌నట్లని
చిక్కటి ద్రాక్షరసంలో ముంచి ఆరేస్తూ
ఆవిడ తన చనిపోయినవాళ్ళని
పేరుపేరునా మనకి పరిచయం చేయడం,
గ్లాసు ఎత్తినప్పుడల్లా ఒకరు.
నాలుగో మనిషి దగ్గర నువ్వు ఏడ్చావు.
ఆ మనిషెవరో నీకు తెలీదు.
ఆవిడ నీ తల నిమిరి
ఇంకో రొట్టెముక్క వేసింది.

ఇర్కుత్‌స్క్ దాటాక మాటలాగిపోయాయి మనకి.
"ఇంటికి పోదాం" అన్నాను.
"ఏ ఇల్లు? తాళాలు ఇచ్చేశాంగా" అన్నావు.
అంతే.
రెండు రోజులు కిటికీ నిండా బర్చ్ చెట్లు,
తెల్లగా, ఒకదాని వెనక ఒకటి,
ఎవరో చెప్పిందే చెబుతున్నట్టు.
మా పెట్టె చూసుకునే రయీసా పెత్రోవ్నా
ఇనప పిడి గ్లాసుల్లో టీ తెచ్చి
నీ మొహం చూసి, నా మొహం చూసి
రెండు చెంచాలకి బదులు ఒకటే పెట్టి వెళ్ళింది.
చక్కెర కలుపుకోవాలంటే అడగాలి.
నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు.
ఇద్దరం చప్పటి టీ తాగుతుంటే
ఆ చెంచా బల్ల మీద
రైలుతోపాటు వణుకుతూ కూర్చుంది.

ఆ రాత్రి నీ బొటనవేలి గోరు విరిగింది.
నోరు తెరవక తప్పలేదు.
"రాత్రిపూట గోళ్ళు తియ్యకూడదు" అన్నాను,
ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట.
ఫోన్లో పదిన్నర, స్టేషన్ గడియారంలో మూడు,
బయట ఆకాశం ఇంకా ఏదీ తేల్చుకోలేదు.
"ఎక్కడి రాత్రి?" అన్నావు.
నవ్వొచ్చేసింది. ఓడింది నేనే అనుకో.

తరవాత సముద్రాలు. కొన్ని గుర్తు లేవు.
ఒక మంగళవారం రెండుసార్లు వచ్చింది,
రెండుసార్లూ నిద్రలోనే పోగొట్టుకున్నాం.

ఇప్పుడు చిలోయే. వాన.
ఇక్కడి ఇళ్ళు కర్రకాళ్ళ మీద నీళ్ళలో నిలబడతాయి.
ఆటుకి సముద్రం వెనక్కి పోతే
పడవలు బురదలో ఒరిగి పడుకుంటాయి,
మేసి అలిసిన గేదెల్లా.
ఓతిలియా బర్రీయా పొయ్యి ముందు
ఊదారంగు బంగాళాదుంపలు ఒలుస్తూ
తన పెళ్ళి సంగతి చెప్పింది.
ఆమె దీవికి అతను రాడు,
అతని దీవికి ఆమె పోదు.
ఏడాది వాదించుకున్నాక
ఊరివాళ్ళు ఇంటినే కదిలించారట.
దుంగల మీద దొర్లించి, ఎడ్లు పూన్చి,
నీళ్ళలోకి దించి, పడవలకి తాళ్ళు కట్టి
మధ్యలో ఇంకేదో ఒడ్డుకి.
ఆమె లోపలే కూర్చుందట, పొయ్యి పట్టుకుని.

"ఏమీ పగల్లేదా?" అడిగాను,
నాకొచ్చిన అరకొర స్పానిష్‌లో.
"ఒక కప్పు. అదీ అప్పుడు కాదు.
పదేళ్ళ తరవాత, ఊరికే కడుగుతుంటే."
నువ్వు నావైపు చూడలేదు.
ఒలిచిన దుంపనే మళ్ళీ ఒలుస్తున్నావు.

రాత్రి చెక్కపెంకుల మీద వాన.
అడక్కుండానే చెయ్యి చాపావు.
దీపం దగ్గరికి జరిపి ఒక్కో వేలూ పట్టుకున్నాను.
చూపుడువేలి మీద ఒక మచ్చ, కొత్తది.
పదకొండు నెలలూ పక్కనే ఉన్నాను,
ఇదెప్పుడు తెగింది?
"అదా, ఒక రోజు నువ్వు నిద్రపోతుంటే" అన్నావు.
అంతకంటే చెప్పలేదు.

ఉదయం ఎనిమిదికి పడవ.
మేజోళ్ళు ఇంకా ఆరలేదు.
పొయ్యి దగ్గర ఓతిలియా
వాటిని తిరగేస్తున్న అలికిడి.