పోయి వస్తం

స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊరంతా ఆకాశం చూస్తున్న ఏడు
మారేడ్‌పల్లిలో మా పై పోర్షన్‌లోకి
ఒక సముద్రం అద్దెకు దిగింది.
మూడు ట్రంకు పెట్టెలు,
ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటారు,
చెప్పులు గడప బయటే విడిచిన నలుగురు మనుషులు.
"చెప్పులిడిసిన్రు, మనోళ్ళే" అంది నానమ్మ.
ఆమె విచారణ అక్కడితో అయిపోయింది.

కహాలె గారు పటాన్‌చెరు జొన్నచేలల్లో మట్టిని చదివేవారు.
నోహెయా ఆంటీ మోండా మార్కెట్‌ని చదివేది.
చేమదుంపలు కనబడ్డ రోజు
బుట్ట పక్కనే కూలబడి ఏడ్చిందట,
కూరగాయల ఆండాళమ్మ బెదిరిపోయి
పావుకిలో కొసరేసింది.
ఉడికించి, నూరి, రెండ్రోజులు పులియబెట్టి
ఊదారంగు ముద్ద గిన్నెలో పంపింది ఆంటీ.
పేరు పోయి.
"యాడికి?" అంది నానమ్మ.
వేలితో నాకి, కళ్ళు మూసి, ఆలోచించి
ఇంత మామిడికాయ తొక్కు కలిపింది.
హిలోలో ఆ ఇంట్లో ఇప్పటికీ
పోయిలోకి తొక్కు నంజుకుంటారు.
నమ్మకపోతే మానెయ్యండి.

తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ సీమంతానికి
ఆంటీ గుచ్చి తెచ్చిన మల్లెదండకి ముడి లేదు.
మరిచిందనుకుని పిన్ని ముడెయ్యబోతే
చెయ్యి పట్టుకుని ఆపింది.
నిండు మనిషి మెడలో మూసిన దండ వెయ్యరట వాళ్ళ దీవుల్లో,
పేగు బిడ్డ మెడకి చుట్టుకుంటుందని.
మల్లెలు అమ్మ భుజాల మీంచి
రెండు పాయలై ఒళ్ళోకి జారాయి.
ఆ రాత్రి నానమ్మ ఎంత సంబరపడిందో,
తప్పిపోయిన చుట్టం దొరికినట్టు:
"వాళ్ళకూ పట్టింపులున్నయే!"

గిటారు మీద జరిపే ఉక్కు ముక్క
ప్రయాణంలో ఎక్కడో పోయింది.
నాన్న లాలాగూడ వర్క్‌షాపులో
లేతు మీద ఇంకోటి తిప్పి తెచ్చాడు.
శనివారం రాత్రుళ్ళు డాబా మీద
ఆ రైలు ఉక్కు తీగల మీంచి జారుతుంటే
ఒక స్వరం ఇంకో స్వరంలోకి
తలుపు తట్టకుండా వెళ్ళిపోయేది,
మా పిల్లలం వాళ్ళింట్లోకి వెళ్ళినట్టు.

ఎనభై మూడు, బేగంపేట విమానాశ్రయం.
ఆంటీ ఏదో అంది వాళ్ళ మాటలో.
మళ్ళీ కలిసేదాకా అని అర్థమట.
"గంత పొడుగెందుకు బిడ్డా,
పోతున్నమనొద్దు. పోయి వస్తం అను."
ఆంటీ ఏడుపు మధ్యలో నవ్వింది:
"పోయి, వస్తం?"
కహాలె గారు ఉక్కు ముక్క నాన్న జేబులో వేశారు.
ఇది ఇక్కడుంటే నేను రాక తప్పదు కదా అన్నారు.

రాలేదు.
ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఫోన్లు,
తర్వాత ఒక్కొక్కరి కబురూ.
తాకట్టు పెట్టిన ఉక్కు మా వంటింట్లో
నలభై ఏళ్ళు అల్లం దంచింది.

పోయిన వారం శంషాబాద్‌లో
వాళ్ళ మనవరాలు దిగింది, వీపున గిటారుతో.
పేరు మహీనా.
"అంటే నెల కదమ్మా" అంది ఎదురు ఫ్లాటు ఖుర్షీద్ ఆపా.
"చంద్రుడు" అంది ఆ పిల్ల.
నాకు నవ్వొచ్చింది, తెలుగులో రెండూ నెలే.
చెప్పులు లిఫ్టు దగ్గరే విడిచేసింది, పిచ్చిది.
ఉక్కు ముక్క కడిగి ఇచ్చాను.
తీగల మీద పెట్టగానే వాసన చూసుకుంది:
"తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు,
పాటకి అల్లం వాసనుంటుందని."

తను నా మెడలో వేసిన దండ ఎండిపోయింది.
చెత్తలో వెయ్యకూడదంది, ఇష్టంగా ఇచ్చింది కనక.
పార్కింగు పక్కన మిగిలిన కరివేపాకు చెట్టుకి
ఇద్దరం వేలాడదీశాం.
పొద్దున చెత్తబండి అబ్బాయి ఆగి చూశాడు.
"ఏందమ్మా, చెట్టుకు పెండ్లా?"
ఏం చెప్పను,
అవుననే అన్నాను.