కొక్కెం

హల్ ఊళ్లో నవంబరు.
బడి కప్పు మీద సీగల్స్ పోట్లాట.
వానకి ఆటల విరామం రద్దయింది,
ముప్ఫై మంది పిల్లల తడి సాక్సుల వాసన
ఒకే గదిలో ఉడుకుతోంది.

మొదట కుర్చీ లేచింది.
తర్వాత పెన్సిళ్ల డబ్బా.
తర్వాత కోరీ గొంతులోంచి
తొమ్మిదేళ్ల వాడికి తెలియకూడని మాటలు నాలుగు.

మిసెస్ ఆక్స్‌టబీ మిగతావాళ్లని
లైబ్రరీకి నడిపించుకుపోయింది,
కథ చదివే వేళ అయినట్టు, ఏమీ జరగనట్టు.
గుమ్మం దగ్గర కాస్పర్ వెనక్కి చూశాడు.
చెంప మీంచి చెయ్యి తియ్యలేదు.

తలుపు తెరిచే ఉంచాం.
లోపల వాడూ నేనూ.

శిక్షణలో చెప్పారు:
ఎదురుగా నిలబడకు, పక్కకి తిరుగు.
చేతులు కనపడనీ.
మాటలు తగ్గించు, ప్రశ్నలు మానెయ్.
దారికి అడ్డం ఉండకు.
రెండు రోజుల కోర్సు, బిస్కెట్లు, సర్టిఫికెట్.
నేను నోట్సు రాసుకోలేదు.
గిన్నె అంచుకొచ్చిన పాలని
తిట్టి దించినవాళ్లెవరూ లేరని
ముందే తెలుసు.
మంట తగ్గించాలి. అంతే.

మరి నా మంట సంగతి?
మా ఇంట్లో గొంతెత్తనివాళ్లకి కూర మిగిలేది కాదు.
"ఎందుకు కొట్టావురా" అన్నది
నాలుక చివరిదాకా వచ్చింది.
నిజం చెప్పొద్దూ, చెయ్యి కూడా కాస్త లేచింది.
జేబులో దాచబోయి,
చేతులు కనపడాలని గుర్తొచ్చి,
దానికి నేల మీద పెన్సిళ్లు ఏరే పని అప్పగించాను.

తివాచీ మీద చతికిలబడ్డాను.
ఒక్కోటీ తీసి, మొన చూసి,
విరిగినదాన్ని చెక్కుతున్నాను.
ప్యాంటు నిండా పొట్టు, చుట్టలు చుట్టలుగా.
బల్ల కింద వాడి ఊపిరి
తడి కర్రలో ఇరుక్కున్న రంపం.

పదకొండు పెన్సిళ్ల దాకా నేను నోరు విప్పలేదు.
పన్నెండోదానికి
"అది కాదు, ఆకుపచ్చది ముందు" అన్నాడు.
ఆకుపచ్చది ముందు చెక్కాను.
ఎందుకని అడగలేదు.

చాలాసేపటికి
"నా కొక్కెం" అన్నాడు.

అప్పుడు చూశాను.
గది వెనక కోట్లు తగిలించే వరసలో
కిటికీ పక్కది,
ఈ బడికొచ్చిన రోజు నుంచీ వాడిది.
పొద్దున కొత్త టీచరు
పేర్లన్నీ అక్షరక్రమంలోకి సర్దింది.
వాడి పాత చీటీ సగమే ఊడింది,
మిగతా సగం మీద కాస్పర్ పేరు అంటించి ఉంది.
ఏడాదిలో మూడిళ్లు మారాడు కోరీ,
ప్రతిసారీ సామాను నల్ల చెత్తసంచీలో.
మారకుండా ఉన్నది
బొటనవేలంత ఇనప వంపు ఒకటి.

అయినా కాస్పర్ చెంప కందింది కదా.
అదీ చెప్పాను, గొంతు పెంచకుండా.
బల్ల కింద నుంచి ఒక చెయ్యి వచ్చి
చెక్కిన వాటిలో ఒకటి ఎంచుకుంది.
"వాడికివ్వు."
"నువ్వే ఇవ్వు. ఇవాళ కాకపోతే రేపు."
"రేపు."
రేపు శనివారం.
ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం ఫారం నింపాను.
కారణం అని రాసిన చోట
అగ్గిపెట్టెంత గడి.
కొక్కెం అని రాస్తే నవ్వుతారేమో.
వాన అని రాసి కొట్టేశాను.
ఆఖరికి కొక్కెమనే రాశాను.
శాంతపరచడానికి తీసుకున్న చర్య:
పెన్సిళ్లు చెక్కితిని. పంతొమ్మిది.

చేతులు వణకడం
బస్సెక్కాక మొదలైంది.
టికెట్టు రెండుసార్లు జారిపోయింది.
సీటు చివర కూర్చున్న ముసలాయన
నా వేళ్లు చూశాడు.
ఏమీ అడగలేదు.
సంచీ ఒళ్లోకి తీసుకుని
కిటికీ వైపు జరిగాడు,
కాస్త పక్కకి తిరిగి.