మూడో సిలిండరు

కవాడిగూడ గల్లీల షటరు సగమే లేపిన,
ట్రాలీ మీద వచ్చింది బండి.
తొంబై మూడు మోడలు, రెండే డోర్లు,
దుకాణం బయట ఏండ్లకేండ్లు వేలాడిన
ప్లాస్టిక్ బకెట్టు లెక్క వెలిసిన ఎరుపు.

ఆమె పేరు పెరిన్. డెబ్బై దాటింది.
చేతికర్ర డిక్కీల పెట్టి
బండి అంచు పట్టుకొని నడుస్తది.
"నీలం పొగ వస్తున్నది.
ఎత్తు ఎక్కుతుంటే ఊపిరి అందుతలేదు" అన్నది,
బండికో తనకో చెప్పలే.

పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద,
పిడి చెవి వెనక ఎముక మీద.
ఎడమ చెవి ఎప్పుడో పోయింది నాకు,
కుడిది మాత్రం చాడీలన్నీ వింటది.
లోపల ఎవరో బియ్యంల రాళ్లేరుతున్నట్టు చప్పుడు.

తౌఫీక్ గేజీ పెట్టి చదివిండు:
ఒకటి, నూటయాభై.
రెండు, నూటనలభై ఎనిమిది.
నాలుగు, నూటయాభై.
మూడు,
మళ్ల చూసిండు.
ఎనభై.

"ఒక చెంచా ఆయిలు పోయి బేటా."
ముల్లు నూటపదికి లేచింది.
అంటే వాల్వులది తప్పు లేదు,
రింగులే.

రెండు దినాలు పట్టింది విప్పుడు.
మొండి బోల్టుకు కోపం పనికిరాదు,
సెగ చూపియ్యాలె, ఓపిక పట్టాలె.
హెడ్డు లేపితే మూడో పిస్టను అంచుకు
గోరంత ముక్క లేదు.
పెట్రోలు తన ముహూర్తం కంటే ముందే పేలితే
గిట్లనే అయితది.

ఎందుకు పేలిందని వెతుక్కుంట నత్త దగ్గరికి వచ్చిన.
టర్బోను మేమట్లనే అంటం. గుల్ల చూస్తే నత్తే,
నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతది,
ఇంజను విడిచిన ఊపిరినే పట్టుకొని
మళ్ల దానికే తాపుతది.
ఎంత తాపాలెనో చెప్పే కడ్డీ ఒకటుంటది.
ఆ కడ్డీ నట్టు మీద
పసుపు రంగు చుక్క.

మా ఉస్తాద్ తెల్ల చుక్క పెట్టేటోడు,
నేను పసుపు పెడత.
గోరుతోని ఫెండరు గీకి చూసిన.
ఎరుపు కింద తెలుపు.

పన్నెండేండ్ల కింద, రాత్రి పదకొండింటికి,
గండిపేట తోవల పందెమని తెల్లబండి తెచ్చిండొక పిల్లగాడు.
"ఇంకొంచెం చాచా, ఇంకొంచెం" అంటుంటే
మూడు చుట్లు బిగించిన.
చుట్టుకు వెయ్యి.

పెరినమ్మ స్టూలు మీద కూసోని పేపరు చదువుతున్నది.
"ఏ మూర్ఖుడు చేసిండట?"
చేతులు తుడుసుకున్న. మసి పోయినంక గూడ తుడుసుకున్న.
"నేనే."
పేజీ తిప్పింది.
"అయితే ఎన్ని చుట్లో నీకు యాదుండాలె."

బ్లాకు బాలానగర్ పోయింది.
లింగాచారి కండ్లద్దాలు నొసటి మీదికి నెట్టి
వేలితోనే కొలిచిండు ముందు, తర్వాత గేజీతోని.
రెండూ ఒకటే చెప్పినయి: ఇరవై సైజు కొట్టాలె.
బోరు లోపల జల్లెడ గీతలు గీసి పంపిండు,
ఆయిలు నిలవడాల్నంటే నున్నగుండొద్దు గోడ.
పిస్టన్లకు నలభై దినాలు ఆగినం.
వానలు వచ్చినయి. షటరు కింద నుంచి నీళ్లు వచ్చినయి.
క్రాంకు బల్ల మీద, పాత లుంగీల చుట్టుకొని పండుకున్నది.

బిగించేటప్పుడు నడుమ నుంచి మొదలుపెట్టి
అంచులకు పోవాలె, మూడు దఫాలుగ.
తౌఫీక్ కు చెప్పిన, వాడు నవ్విండు, వానికి తెలుసు.
కడ్డీ మూడు చుట్లు వెనక్కి తిప్పిన.
పసుపు చుక్క పెట్రోలు బట్టతోని తుడిచిన.
కొత్తది పెట్టలే.

స్టార్టు కొట్టినంక కొంచెం తెల్లపొగ,
జోడించేటప్పుడు పూసిన ఆయిలు కాలుతున్నది, అంతే.
స్క్రూడ్రైవరు మళ్ల చెవికి పెట్టిన.
రాళ్లు లేవు బియ్యంల.

ట్యాంక్‌బండ్ దాక పోయి వచ్చింది పెరినమ్మ.
"వెయ్యి కిలోమీటర్లు గట్టిగ తొక్కొద్దు.
ఆపే ముందు ఒక్క నిమిషం ఆగాలె,
నత్త సల్లవడాలె" అన్న.

తాళం మీద చెయ్యి పెట్టి అట్లనే కూసున్నది.
నేను డోరు పక్కన నిలవడ్డ, చేసేందుకేం లేక.
ఇంజను నడుస్తున్నది.